ఒక పంచాంగం, ఒక ఓడ జాబితా

నా బల్ల మీద ఇప్పుడు రెండు కాగితాలున్నాయి. ఒకటి దుందుభి నామ సంవత్సరపు పంచాంగం. అట్ట ఎప్పుడో ఊడిపోయింది, కుట్టిన దారం మాత్రం ఇంకా పట్టు వదల్లేదు. శ్రావణమాసం పుట అంచున మా ముత్తాత సిరాతో రాసుకున్న రెండు పంక్తులున్నాయి. తిథి, వారం, నక్షత్రం, పాదం, సూర్యోదయాది ఇన్ని ఘడియలు, ఇన్ని విఘడియలు. ఆ తర్వాత ‘మా అత్తవారింట పురుషశిశు జననం’. అంతే. ఆ పురుషశిశువు మా తాతగారు. ఇంగ్లీషు లెక్కలో అది 1922.

రెండోది డర్బన్ నుంచి వచ్చిన ఒక రిటైర్డు టీచరమ్మ నాకిచ్చి వెళ్లిన జిరాక్సు. వాళ్ల ముత్తవ్వ 1890లలో మద్రాసు రేవులో ఓడెక్కి నటాల్ చెరకు తోటల్లో కూలికి వెళ్లింది. ఆ ఓడ జాబితాలో ఆమెకు దక్కింది ఒకే ఒక్క వరుస. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, గ్రామం, ఒంటి మీది గుర్తులు. ప్రతి గడిలోనూ సిరా ఉంది. ఖాళీగా వదిలిన గడి ఒక్కటీ లేదు.

పెద్దవాళ్లు పుట్టిన ఊరు వెతుక్కునేవాళ్లకు ఈ రెండింటిలో ఏది దొరికినా పండగే. పంచాంగం దొరికినరోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. జాబితాలో ముత్తవ్వ పేరు కనిపించిననాడు ఏడ్చేశానని టీచరమ్మ చెప్పింది. కానీ ఈ రెండు కాగితాలూ మమ్మల్ని చెరోవైపు దారి తప్పించాయి. నన్ను ఏడేళ్లు, ఆమెను రెండు ప్రయాణాలు. అందుకే వీటిని ఆధారాలుగా కాక ముందు రచనలుగా చదవాలనిపించింది. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏది చెప్పారు, ఏది చెప్పకుండా వదిలేశారు? ఒకే వస్తువు మీద ఇద్దరు కవులు రాసిన పద్యాలను పక్కపక్కన పెట్టి ఎలా చూస్తామో అలా.

పంచాంగం అంచున రాసినవాడు కన్నతండ్రి. తన కోసం తాను రాసుకున్నాడు, మహా అయితే జాతకం వేయబోయే సిద్ధాంతి కోసం. కాలం దగ్గర అతను విఘడియ వరకూ వెళ్లాడు. చోటు దగ్గరకొచ్చేసరికి ‘అత్తవారింట’ అన్నాడు. అత్తవారు ఏ ఊళ్లో ఉంటారో అతనికి తెలియదా? తెలుసు కనకనే రాయలేదు. ఆ ఊరి పేరు రాయాల్సిన అవసరం ఒకనాటికి వస్తుందని అతనికి తోచే వీలే లేదు. తెలిసినవాడు తనకోసం రాసుకునేటప్పుడు అందరికంటే తక్కువ రాస్తాడు.

ఓడ జాబితా రాసినవాడు గుమాస్తా. అతనికి ఎదురుగా నిలబడ్డ మనిషి తెలియదు, ఆమె ఊరు తెలియదు, బహుశా ఆమె భాషా తెలియదు. మద్రాసు రేవులో ఆమె విశాఖ వైపు తెలుగు విని ఇంగ్లీషులో రాయాలంటే మధ్యలో ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. రాసింది సముద్రానికి అవతల ఉన్న మరో గుమాస్తా కోసం. అందుకే జిల్లా, ఠాణా, గ్రామం మూడు గడులూ నింపాడు. మధ్య గడి పేరు ‘ఠాణా’ అని ఉండటమే చూడండి. అది ఉత్తరాది అలవాటు. మద్రాసు వైపు నుంచి వెళ్లేవాళ్లకు అక్కడ తాలూకా పేరు వేసేవారు. ఏమీ తెలియని మనిషి మూడు మెట్లూ రాస్తే, అంతా తెలిసిన మనిషి ఒక్క మెట్టూ రాయలేదు. అంత మాత్రాన గుమాస్తా కాగితాన్ని గొప్పదని నేననను. మొదట్లో అలా అనుకుని పొరపాటు పడ్డాను.

గుమాస్తా అడిగింది ‘నువ్వెక్కడ పుట్టావు’ అని కాదు. మూడు గడుల్లో ఎక్కడా పుట్టుక అనే మాట లేదు. అడిగింది ఆమెది ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ ఊరు అని. నూటపాతికేళ్ల తర్వాత డర్బన్‌లో మునిమనవరాలు వంశవృక్షం గీసుకుంటూ, ఆ ఊరిని తీసుకెళ్లి ‘జన్మస్థలం’ అనే గడిలో పెట్టింది. ఇందులో ఆమె తప్పేమీ లేదు, ఆ పట్టికలో ఊరి కోసం ఉన్నది ఆ ఒక్క గడే.

తెలుగులో ‘మీదే ఊరు?’ అన్న ప్రశ్నకూ ‘ఎక్కడ పుట్టారు?’ అన్న ప్రశ్నకూ జవాబు ఒకటి కాదు. మొదటిది తండ్రి ఊరు, పొలం ఊరు, ఇలవేల్పు ఊరు. రెండోది చాలామందికి అమ్మమ్మగారి ఊరు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం. ఏడో నెలో తొమ్మిదో నెలో తీసుకెళ్తారు, పురుడు పోస్తారు, బిడ్డనెత్తుకుని బారసాల తర్వాతో మూడో నెలకో ఐదో నెలకో అత్తవారింటికి పంపుతారు. పుట్టిన ఊరితో ఆ బిడ్డకుండే చుట్టరికం సెలవుల చుట్టరికం. అందుకని ఎవరైనా అడిగితే పుట్టిన ఊరు చెప్పడు, ‘మాది ఫలానా’ అంటాడు. అబద్ధం చెప్పినట్టు కాదు. అడిగినదానికి తనకు తెలిసిన అర్థంలో జవాబు చెప్పాడు.

అల్లూరి సీతారామరాజు విషయంలో రెండు ఊళ్ల పేర్లు వినిపించడం తెలుగువాళ్లందరికీ తెలుసు. భీమవరం దగ్గరి మోగల్లు, భీమునిపట్నం వైపు ఉన్న పాండ్రంగి. 1897లో పుట్టింది పాండ్రంగిలో, తల్లి పుట్టింట. మోగల్లు తండ్రి తరఫు ఊరు. రెండు ఊళ్లూ ఆయన్ని మావాడే అంటాయి, రెండూ నిజమే చెబుతాయి. తగవు పడేది ‘జన్మస్థలం’ అన్న ఒక్క గడిలో ఒక్క పేరే రాయాల్సిన పుస్తకాల్లో.

గురజాడ అప్పారావుగారిది ఇంకా చక్కని ఉదాహరణ. ఇంటిపేరు కృష్ణా జిల్లా గురజాడ నుంచి వచ్చింది. 1862లో పుట్టింది విశాఖ జిల్లా ఎస్. రాయవరంలో, తల్లి తరఫువారింట. బతుకంతా గడిచింది విజయనగరంలో. ఒకే మనిషికి మూడు ఊళ్లు, మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఇంటిపేరులో ఉన్న ఊరు తరాల వెనకటి వలసను చెబుతుంది, మనిషి పుట్టుకను చెప్పదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు నెల్లూరు జిల్లాలో ఉంది, ఆయన పుట్టింది తిరుత్తణిలో. ఇంటిపేరును చూసి జన్మస్థలం గడి నింపే అలవాటు వంశచరిత్రలు రాసేవాళ్లలో చాలామందికి ఉంది. దాన్ని మానుకోవాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. తాతగారు టీచరు. ఆయన పుట్టిన ఊరికి మా దగ్గర మూడు ఆధారాలు పోగయ్యాయి. బడి రికార్డు షీటులో తెనాలి తాలూకాలోని మా సొంతూరు ఉంది. ఉద్యోగంలో చేరాక తెరిచిన సర్వీసు రిజిస్టరులో ‘తెనాలి’ అని ఉంది. పంచాంగంలో ‘అత్తవారింట’. మా పెదనాన్నగారబ్బాయి రెండు ఆధారాలు తెనాలి చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి అదే ఖాయం అన్నాడు. ఓట్ల లెక్కలా చూస్తే రెండు ఓట్లు ఒకవైపు, ఊరి పేరైనా లేని ఒక్క ఓటు ఇంకోవైపు.

ఆ లెక్క నాకు మొదటి నుంచీ నచ్చలేదు. బడిలో చేర్చిన పెద్దాయన సొంతూరు చెబితే హెడ్మాస్టరు అదే రాశాడు. ఆ షీటు చూసి సర్వీసు రిజిస్టరు రాసిన గుమాస్తా, ఊరి పేరు బదులు పక్కనున్న పెద్ద ఊరు వేశాడు. సర్వీసు రిజిస్టరు చూసి పింఛను కాగితాలు, పింఛను కాగితాలు చూసి మరణ ధ్రువపత్రం కోసం పెట్టిన దరఖాస్తు. కాగితాలు ఎన్ని ఉన్నా సాక్షి ఒక్కడే, ఆ సాక్షి కూడా బడి గుమ్మంలో నిలబడి వేరే ప్రశ్నకు జవాబు చెప్పినవాడు. నటాల్ వైపూ ఇంతే. ఓడ జాబితాలోని వరుసను చూసి పెళ్లి నమోదు, దాన్ని చూసి పిల్లల నమోదు. టీచరమ్మ దగ్గర అయిదు కాగితాలున్నాయి, అయిదింటిలోనూ ఊరి పేరులో అదే అక్షరదోషం ఉంది. అవి ఒకదాన్ని చూసి ఒకటి రాసినవని ఆ దోషమే పట్టిస్తోంది.

మరి మా తాతగారు పుట్టిన ‘అత్తవారిల్లు’ ఎక్కడ? మా ముత్తవ్వను ఇంట్లో అందరూ ‘వేల్పూరు మామ్మ’ అనేవారు. కోడలిగా వచ్చిన ఆడదాన్ని పుట్టింటి ఊరి పేరుతో పిలవడం మనకు కొత్తేమీ కాదు. గుడివాడ అత్తయ్య, రేపల్లె పిన్ని, చీరాల దొడ్డమ్మ ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆమె పోయి దశాబ్దాలైనా ఆ పిలుపు మా నోళ్లలో బతికే ఉంది. ఊరి పేరు పంచాంగంలో లేకపోయినా పిలుపులో ఉంది. మేమే దాన్ని ఆధారంగా లెక్కపెట్టలేదు.

వేల్పూరు అనగానే మా వాళ్లు గుంటూరు జిల్లా సత్తెనపల్లి వైపు వేల్పూరు అనుకున్నారు. గుంటూరు జిల్లా మనుషులకు ముందుగా తోచేది అదే కదా. రెండుసార్లు వెళ్లాం. మా ముత్తవ్వ పుట్టింటి ఇంటిపేరువాళ్లు అక్కడ ఎవరూ లేరు. మా నాయనమ్మ మాత్రం ‘కాదురా, మా అత్తగారిది కృష్ణా జిల్లా’ అంటూ వచ్చింది. కృష్ణా జిల్లా అంటే మాకు గుడివాడ, బందరు. అక్కడ వెతికాం. దొరకలేదు. చివరికి నాయనమ్మ పెద్దతనంలో తడబడుతోందని అందరం అనుకున్నాం. అలా అనుకున్నందుకు నాకిప్పటికీ బాధగా ఉంది.

ముడి విప్పింది ఒక దస్తావేజు. ముత్తవ్వ పెళ్లిలో వాళ్ల నాన్న ఆమెకు ఎకరన్నర పల్లం పసుపుకుంకుమల కింద రాసిచ్చాడు. ఆ పొలం తర్వాత అమ్మేశారు, కాగితం మాత్రం మా చిన్న తాతగారి ట్రంకుపెట్టెలో పాత పట్టుచీర మడతల్లో ఉండిపోయింది. స్టాంపు కాగితం, అంచులు చెదపురుగు తిన్నది, మధ్య మడత దగ్గర గుడ్డ అతికించింది. 1919. మొదటి వాక్యంలోనే ఉంది: ‘కృష్ణా జిల్లా తణుకు తాలూకా వేల్పూరు గ్రామ కాపురస్తులు’.

కృష్ణా జిల్లాలో తణుకా? అవును. 1904లో గుంటూరు జిల్లా కొత్తగా ఏర్పడ్డప్పుడు, ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం, యర్నగూడెం తాలూకాలను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణాలో కలిపారు. 1925లో వాటితో పశ్చిమ గోదావరి జిల్లా చేశారు. అంటే ఆ ఇరవై ఒక్క ఏళ్లు తణుకు కృష్ణా జిల్లా. మా ముత్తవ్వ పెళ్లి, మా తాతగారి పుట్టుక రెండూ ఆ ఇరవై ఒక్క ఏళ్ల లోపలివే. ముత్తవ్వ తన జిల్లా ‘కృష్ణా’ అని కోడలికి చెప్పింది, కోడలు మాకు చెప్పింది. ఎవరూ తడబడలేదు. తడబడింది మా చేతిలోని మ్యాపు. (మోగల్లుదీ ఇదే కథ. 1897లో అది గోదావరి జిల్లా, తర్వాత కృష్ణా, తర్వాత పశ్చిమ గోదావరి. ఊరు కదల్లేదు.)

చూడండి, ఏ ఒక్కటీ ఒంటరిగా పని చేయలేదు. పిలుపు ఊరి పేరు ఇచ్చింది, కానీ వేల్పూర్లు చాలా ఉన్నాయి. నిజామాబాదు వైపు కూడా ఒకటుంది. నాయనమ్మ జ్ఞాపకం జిల్లా ఇచ్చింది, కానీ ఆ జిల్లా సరిహద్దు తర్వాత జరిగిపోయింది. దస్తావేజు తాలూకా ఇచ్చింది. పంచాంగం మాత్రం ఒక్క సంగతి ఖాయం చేసింది: వెతకాల్సింది తండ్రి ఊరు కాదని. ఆ ‘అత్తవారింట’ అన్న మాట లేకపోతే మేం సర్వీసు రిజిస్టరును నమ్మి తెనాలి దగ్గరే ఆగిపోయేవాళ్లం.

తాలూకా పేరు విలువ నాకు ఆ రోజే తెలిసింది. జిల్లా పెద్దది, దాని గీతలు మారుతూ ఉంటాయి. ఊరి పేరు చిన్నది, నాలుగు చోట్ల ఉంటుంది. తాలూకా ఆ రెండింటినీ ముడివేస్తుంది. మన పక్క 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఆ పేర్లు పిల్లలకు తెలియకుండా పోతున్నాయి. పాత కాగితం చేతికి రాగానే నేనిప్పుడు ముందు చూసేది ఆ మధ్య గడినే.

టీచరమ్మ జాబితాలోనూ కీలకం ఆ మధ్య గడే. జిల్లా వైజాగపటం, గ్రామం రాయవరం. ఆమె ఫోనులో మ్యాపు తీసి వెతికితే గోదావరి వైపు రాయవరం వచ్చింది. అక్కడికి ఒకసారి, తర్వాత ఇంకో చోటికి ఒకసారి వెళ్లి పూలు చల్లి వచ్చింది. ఠాణా గడిలో ఉన్న ‘సర్వసిద్ధి’ అన్న మాటను ఆమె ఏదో గుడి పేరనుకుంది. అది గుడి కాదు, తాలూకా. ఎలమంచిలి ముఖ్యకేంద్రంగా ఉన్న తాలూకాను అప్పట్లో సర్వసిద్ధి తాలూకా అనేవారు. ఇప్పటి ఎస్. రాయవరం పేరులో ముందున్న ఆ ఒక్క అక్షరం, ‘ఎస్’, ఆ సర్వసిద్ధే. గురజాడ పుట్టిన రాయవరం. ఆ మాట చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మన రైల్వే స్టేషన్ల మీద, బస్సు బోర్డుల మీద ఊరి పేరు ముందు పొడి అక్షరాలు అలంకారానికి రాయరు. అదే పేరున్న ఇంకో ఊరి నుంచి దాన్ని వేరుచేసే చిరునామా అది. వంశచరిత్ర రాసేవాళ్లు దాన్ని కొట్టేయకూడదు.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు కూలికి నటాల్ వెళ్లారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే. వాళ్లలో మనవాళ్లను వెతికేటప్పుడు ‘ఉత్తర ఆర్కాటు’ అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. ఇవాళ ఆర్కాటు అంటే తమిళనాడు, వేలూరు వైపు. అందుకని ‘మా పూర్వీకులు తెలుగు మాట్లాడేవారట, కాగితం మాత్రం తమిళులంటోంది’ అని తికమక పడతారు. కాగితం తమిళులని ఎక్కడా అనలేదు. 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణమే చిత్తూరు. చంద్రగిరి, పలమనేరు, కాళహస్తి, పుత్తూరు అన్నీ అందులోవే. 1911లో వాటికి కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు చేర్చి చిత్తూరు జిల్లా చేశారు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. ఆయన చిత్తూరు జిల్లాలో పుట్టారని రాయడం పరిపాటి. ఆయన పుట్టిననాటికి చిత్తూరు జిల్లా లేదు, మదనపల్లె కడప జిల్లా. తిరుత్తణి అయితే ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరుకు, 1960లో చిత్తూరు నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. వి.వి. గిరి పుట్టిన బరంపురం 1936లో ఒరిస్సాకు వెళ్లింది. ఇవి దూరపు చరిత్ర అనిపిస్తే దగ్గరివి చూడండి. 1904కూ 1970కీ మధ్య ఒంగోలులో పుట్టినవాళ్లు గుంటూరు జిల్లాలో పుట్టినట్టు. 1979కి ముందు విజయనగరంలో పుట్టినవాళ్లు విశాఖ జిల్లాలో పుట్టినట్టు. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన కొత్త జిల్లాల తర్వాత ఒకే తల్లి పిల్లల కాగితాల్లో రెండు జిల్లాలు కనిపిస్తాయి.

నేను పాటించే పద్ధతి ఇది. పుట్టిననాటి జిల్లా, తాలూకా ముందు రాస్తాను, నేటిది పక్కన రాస్తాను. ‘ఒంగోలు, గుంటూరు జిల్లా, నేటి ప్రకాశం’. పాత పేరును కొత్త పేరుతో దిద్దేస్తే రాబోయే తరాల వాళ్లు పాత రిజిస్టరు ఏ ఆఫీసులో వెతకాలో తెలియకుండా పోతుంది.

నైజాం వైపు చిక్కు వేరు. అక్కడ జిల్లా గీతల కంటే లిపి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఉర్దూలో ఊ, ఓ రెండింటికీ ఒకే అక్షరం, మాట మధ్యలో ఈ, ఏ రెండింటికీ ఒకే అక్షరం. పొట్టి అచ్చులు రాయకుండానే వదిలేస్తారు. అలాంటి లిపిలో రాసిన తెలుగు ఊరి పేరును తెలుగులోకి తెచ్చుకోవాలంటే ఆ ఊరి మనిషి నోట వినాల్సిందే. జిల్లా పేర్లూ మారాయి: 1905కి ముందు కాగితంలో ఎల్గందల్ అని ఉంటే అది తర్వాతి కరీంనగర్.

ఇంకో పొరపాటు ఉంది, అది సముద్రానికి ఇటూ అటూ ఒకేలా జరుగుతుంది. మారిషస్‌లో తెలుగువాళ్లను కోరంగీలు అన్నారు, బర్మాలోనూ అదే పేరు. కోరంగి గోదావరి సముద్రంలో కలిసే చోట ఒకప్పటి రేవు. అక్కడ ఓడెక్కిన వాళ్లంతా కోరంగివాళ్లు కాదు. కానీ మూడు తరాలు గడిచేసరికి ‘మాది కోరంగి’ అన్న మాట ఇంటి జ్ఞాపకమైంది. రేవు పుట్టిన ఊరైపోయింది. మా తాతగారి సర్వీసు రిజిస్టరులోని తెనాలి కూడా అలాంటి రేవే, రైలెక్కే ఊరు. ఇవాళ పుట్టిన పిల్లలకు నర్సింగ్ హోము ఉన్న ఊరు రేవు అయింది. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలన్నది 1969 చట్టం. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు పుట్టిన చోటు ఏదంటే జనన ధ్రువపత్రమే మాట. అది న్యాయమే. కాకపోతే రేపు వంశచరిత్ర రాసేవాళ్లకు ఒక మండలంలోని పిల్లలంతా ఒకే పట్టణంలో, ఒకే వీధిలో పుట్టినట్టు కనిపిస్తుంది. ఆ పత్రం పక్కన అమ్మమ్మగారి ఊరు, నాయనమ్మగారి ఊరు రెండూ రాసిపెట్టుకోమని నేను మా పిల్లలకు చెబుతున్నాను.

మళ్లీ ఆ రెండు కాగితాల దగ్గరికి వస్తాను, అసలు చెప్పాల్సింది ఇంకా మిగిలింది. ఇంత తేడా ఉన్న రెండు రచనలకూ ఒక పోలిక ఉంది. పంచాంగంలో తల్లి పేరు లేదు. ఆమె ఇల్లు కూడా ‘మా అత్తవారిల్లు’గానే ఉంది. ఓడ జాబితాలో తండ్రి పేరుకు గడి ఉంది, తల్లి పేరుకు లేదు. బిడ్డ ఎక్కడ పుట్టిందో లోకంలో ఎవరికైనా ఖాయంగా తెలుసంటే అది కన్నతల్లికి. ఆ తల్లినే రెండు కాగితాలూ వదిలేశాయి. తండ్రి పేరు పట్టుకుని వెతికితే సొంతూరు దొరుకుతుంది, ఇంటిపేరు దొరుకుతుంది, పొలం సర్వే నంబరు కూడా దొరుకుతుంది. పుట్టిన ఊరు మాత్రం తల్లి వైపు కాగితాల్లోనే ఉంటుంది. అవి తక్కువ. పసుపుకుంకుమ దస్తావేజు, పుట్టింటివాళ్లు అచ్చు వేయించిన శుభలేఖ, పేరు చెక్కించి ఇచ్చిన ఇత్తడి బిందె, సారె సామాను లెక్క రాసిన చిట్టా. ఇంట్లో వీటిని కాగితాలుగా ఎవరూ దాచరు, చీరల మడతల్లో ఉంటాయి. మా ముత్తవ్వ అసలు పేరు మాకు ఆ దస్తావేజులోనే తెలిసింది. అరవై ఏళ్లు మా ఇంట్లో బతికిన మనిషి పేరు.

టీచరమ్మకు ఇదంతా చెప్పాను. రాయవరం ఆమె ముత్తవ్వ తండ్రి ఊరు కావచ్చు, లేదా పెళ్లయి కాపురం చేసిన ఊరు కావచ్చు, పుట్టిన ఊరు కాకపోవచ్చు అని చెప్పడానికి నోరు రాలేదు, కానీ చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, మా వరండాలో కూర్చునే డర్బన్‌కు ఫోను చేసింది. తొంభై దాటిన వాళ్ల మేనత్తను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: ముత్తవ్వను ఇంట్లో ఏమని పిలిచేవారు? అవతల నుంచి చాలాసేపు మాటలు వినిపించాయి, మధ్యమధ్య తెలుగు ముక్కలు. ఫోను పెట్టేశాక ఆమె తన నోట్‌బుక్కులో ‘జన్మస్థలం’ అన్నచోట ఉన్న రాయవరాన్ని కొట్టేయకుండా, పక్కన ‘ఓడెక్కేటప్పుడు చెప్పిన ఊరు’ అని రాసింది. దాని కింద కొత్త వరుస తీసి ‘పిలుపు’ అని రాసి, మేనత్త చెప్పిన మాటను విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టింది. అది ఊరి పేరులాగే ఉంది. ఏ ఊరో మా ఇద్దరికీ తెలియలేదు. పాత సర్వసిద్ధి తాలూకా ఊళ్ల జాబితా తీసి, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాం.